టాంజానియా వ్యవసాయంలో విదేశీ నిధులు: పథకం ముగిశాక ఏం మిగులుతోంది?

ప్రశ్న

నమస్కారం. టాంజానియాలో విదేశీ నిధులతో నడిచిన వ్యవసాయ పథకాలపై ఎం.ఏ. సిద్ధాంత వ్యాసం రాస్తున్నాను. నిధులిచ్చిన సంస్థల నివేదికల్లో ఎన్ని హెక్టార్లకు నీరందింది, ఎంతమంది రైతులకు శిక్షణ దొరికింది అన్న లెక్కలు పేజీల కొద్దీ ఉన్నాయి గానీ, విదేశీ నిపుణులు వెళ్లిపోయిన పదేళ్లకు ఆ కాలువలో నీరు పారుతోందా లేదా అన్న సంగతి అరుదుగా తప్ప కనిపించడం లేదు. కొన్ని పథకాలు నిలబడి కొన్ని కూలిపోవడానికి కారణం డబ్బు ఆగిపోవడమేనా, లేక లోపం మొదట్లోనే ఉంటుందా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1

లోపం చాలాసార్లు మొదట్లోనే ఉంటుందని నా అభిప్రాయం. 1947లో బ్రిటిష్ ప్రభుత్వం అప్పటి టాంగన్యీకాలో తలపెట్టిన వేరుశనగ పథకాన్ని చూడండి. యుద్ధం తర్వాత బ్రిటన్‌లో నూనెలు, కొవ్వులు రేషన్ మీద దొరుకుతున్న రోజులవి. ఆ కొరత తీర్చుకోవడానికి కొద్ది సంవత్సరాల్లోనే 30 లక్షలకు పైగా ఎకరాలను సాగులోకి తేవాలనుకున్నారు. పొదలు పెకలించడానికి యుద్ధ ట్యాంకులను ట్రాక్టర్లుగా మార్చి మరీ దింపారు. పథకం మొదలైన కోంగ్వా ప్రాంతంలో వానలు నిలకడగా పడవు. పైగా వానాకాలం వెళ్లగానే అక్కడి బంకమన్ను గట్టిపడి నేలలోంచి కాయను తీయనివ్వదు. 1951లో పథకాన్ని వదిలేసే నాటికి సుమారు 3.6 కోట్ల పౌండ్లు నష్టమయ్యాయి. డబ్బుకు గాని, యంత్రాలకు గాని వెనుకాడని పథకమిది; అయితే అది తీర్చదలచిన అవసరం టాంగన్యీకా రైతుది కాదు.

నాకు అంతకన్నా ఎక్కువ బాధ కలిగించే ఉదాహరణ ఉత్తర టాంజానియాలోని హనాంగ్ గోధుమ పథకం, ఎందుకంటే అక్కడ పంట పండింది. కెనడా సాయంతో, కెనడా మైదానాల్లో వాడే తరహా యంత్రాలతో, ఒక్కొక్కటి 10,000 ఎకరాల చొప్పున ఏడు ప్రభుత్వ క్షేత్రాలు ఏర్పాటు చేశారు. ఆ నేల బరాబైగ్ పశుపోషకుల మేత భూమి. కాలాన్ని బట్టి మందలను ఒక మేత నుంచి మరో మేతకు తిప్పుకొనే వారికి, అన్నింటికన్నా మంచి గడ్డి ఉన్న మైదానం పోవడమంటే మిగిలిన మేతలన్నింటి మీదా భారం పెరగడం. వారి పెద్దల సమాధులను కూడా దున్నేశారు. ములబదావ్ గ్రామ మండలి కోర్టుకు వెళ్లి మొదట గెలిచినా, 1985లో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. గోధుమ దిగుబడిని మాత్రమే లెక్కపెట్టే మూల్యాంకనంలో ఈ నష్టాలు ఏవీ చేరవు. మీ వ్యాసంలో వీటికి చోటు ఇవ్వమని కోరుతున్నాను.

జవాబు 2

నేను నీటిపారుదల ఇంజనీరుగా, కిలిమంజారో పర్వతం దిగువన ఉన్న మోషి పట్టణ పరిసరాల్లో కొంతకాలం పనిచేశాను. పై మిత్రులు చెప్పిన రెండింటికీ భిన్నమైన కథ దిగువ మోషి నీటిపారుదల పథకానిది. అక్కడ నేల సరైనదే, పంట సరైనదే, రైతులూ స్థానికులే; అయినా చిక్కు వచ్చింది.

కిలిమంజారో దక్షిణపు దిగువన రావు నది నీటినీ, ఎన్‌జోరో ఊటల నీటినీ మళ్లించి, సుమారు 1,100 హెక్టార్లలో వరి పండించేందుకు జపాన్ రుణంతో కట్టిన పథకం 1987లో పూర్తయింది. మడులు చదును చేసి, ఐఆర్ 54 రకం నాటించి, నాట్ల నుంచి కోత దాకా దగ్గరుండి నేర్పారు. హెక్టారుకు 6 టన్నుల వరకు ధాన్యం దిగింది. ఆ దిగుబడిని కళ్లారా చూసిన ఎగువ గ్రామాల రైతులు తామూ మడులు కట్టుకొని, నది నీటిని పైనే మళ్లించుకొని వరి వేశారు. పదేళ్లు తిరగకముందే దిగువన చాలా మడులకు నీరు చాలని పరిస్థితి ఏర్పడి, పథకం లోపలి వరి విస్తీర్ణం బాగా పడిపోయింది.

ఎగువవారిని నీటి దొంగలు అనడం నేను విన్నాను. అది న్యాయం కాదు. కిలిమంజారో వాలుల్లో చాగా ప్రజలు తరతరాలుగా ‘ఎంఫోంగో’ అనే కాలువలు తవ్వుకొని, వంతులు వేసుకొని నీరు పంచుకుంటున్నారు. ప్రభుత్వం కాగితం మీద ఇచ్చే నీటి హక్కు ఒకటి, ఈ ఆచారపు హక్కు మరొకటి. పథకం మొదటిదాన్నే నమ్ముకొని, రెండోదాని వారితో మాట్లాడకుండా ముందుకు సాగింది. ఇదే పంగాని నది పరీవాహకంలో ఇంకా దిగువన న్యుంబా యా ముంగు జలాశయం విద్యుత్తు కోసం నీటికి ఎదురుచూస్తూ ఉంటుంది. కాలువ తూములు కట్టడానికి ముందే ఎగువ రైతులు, పథకం రైతులు, విద్యుత్తు వారు అనే ఈ మూడు పక్షాలనూ ఒకచోట కూర్చోబెట్టి ఉండవలసింది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. విడివిడి పథకాలు కాకుండా, నిధులన్నీ కలిపి ప్రభుత్వ వ్యవస్థ ద్వారానే ఖర్చు చేస్తే ఈ చిక్కులు తగ్గుతాయా?

జవాబు 3

2006లో మొదలైన వ్యవసాయ రంగ అభివృద్ధి కార్యక్రమంలో ఆ ప్రయత్నం జరిగింది. ప్రపంచ బ్యాంకు, ఇఫాడ్ (అంతర్జాతీయ వ్యవసాయ అభివృద్ధి నిధి), ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు, జపాన్, ఐర్లండ్ మొదలైనవారు ఉమ్మడి నిధిలో డబ్బు వేయగా, జిల్లాలు తమ ప్రణాళికల ప్రకారం ఖర్చు చేసేలా ఏర్పాటు చేశారు. దాత ఎవరి జెండా వారు పాతుకోవడం కన్నా ఇది మేలని నేను నమ్ముతాను. అయితే అక్కడి ఆర్థిక సంవత్సరం జూలైలో మొదలవుతుంది, కాలువ పనులకు అనువైన పొడి నెలలు కూడా అవే. జిల్లాకు డబ్బు మూడు నెలలు ఆలస్యమైతే ఆ ఏటి పని సమయం దాదాపు పోయినట్టే. కాబట్టి కేటాయింపులతో పాటు డబ్బు చేరిన నెలను కూడా చూడండి.

నిలబడినదాన్ని కూడా ఒకటి చూడాలనుకుంటే టాంగా పాడి కార్యక్రమాన్ని పరిశీలించండి. 1980లలో నెదర్లాండ్స్ సాయంతో చిన్న రైతులకు ఆవులు ఇచ్చారు. ఆవు తీసుకున్న ఇల్లు తర్వాత ఒక పెయ్యను తిరిగి ఇవ్వాలి, అది మరో ఇంటికి వెళుతుంది. 1990లలో రైతుల సహకార సంఘాల సమాఖ్యా, డచ్ రైతులూ వాటాదారులుగా టాంగా ఫ్రెష్ అనే పాల సంస్థ ఏర్పడింది. దాత వెళ్లిపోయినా పాలు కొనే సంస్థ ఉంది, అందులో రైతుకూ వాటా ఉంది. నాకు ఇందులో అన్నిటికన్నా విలువైన విషయం అదే.

జవాబు 2

టాంగాలో పాలకు కొనుగోలుదారు దొరికినట్టు, మోషిలో నీటి తగవు తీర్చేవారు దొరకలేదు. మీరు క్షేత్ర పరిశీలనకు వెళితే చెకెరేని, మబోగిని వంటి పథకం గ్రామాల కన్నా ముందు ఎగువ గ్రామాలకు వెళ్లండి. కాలువలో మట్టి తీయడానికి ఎవరు పిలుస్తారు, వంతు తప్పినవారికి జరిమానా ఎవరు వేస్తారు, ఆ డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది అని మొదట అడగండి. ఆ జవాబులు రాసుకున్న తర్వాతే దిగువకు వచ్చి ఇవే ప్రశ్నలు మళ్లీ అడగండి.