‘మానవజాతులు’ అనవచ్చా?

ప్రశ్న: మానవశాస్త్ర వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. ‘రేస్’ వచ్చిన చోటల్లా ‘జాతి’ అని రాసుకుంటూ పోతే, ‘మనుషుల్లో జీవశాస్త్రపరంగా జాతులు లేవు’ అనే వాక్యం దగ్గర చిక్కుకుపోయాను. మరి తెలుగు జాతి, గిరిజన జాతులు ఏమైనట్టు? రేసు అని ఉంచేస్తే పాఠకుడు నేరుగా మలక్‌పేట గుర్రప్పందాలకు వెళ్లిపోతాడు!

— వర్ణం అంటే సరి. వర్ణవివక్ష అనే మాట ఉండనే ఉంది కదా.

— వర్ణం అనగానే మనకు చాతుర్వర్ణ్యం గుర్తుకొస్తుందండీ. పైగా ఒంటి రంగు చుట్టరికాన్ని చెప్పదు. ఎండ తీవ్రంగా ఉండే ఆఫ్రికాలోనూ, పసిఫిక్ మహాసముద్రంలోని మెలనీషియా దీవుల్లోనూ నల్లటి మనుషులున్నారు. వంశక్రమంలో మాత్రం ఆ దీవుల వాళ్లు ఆఫ్రికా వాళ్లకంటే తూర్పు ఆసియా వాళ్లకే దగ్గర.

అసలు చిక్కు జాతి అన్న మాటలోనే ఉంది. తెలుగు మాధ్యమం జీవశాస్త్ర పుస్తకాల్లో జాతి అంటే స్పీషీస్, ప్రజాతి అంటే జీనస్, అంటే దగ్గరి జాతుల గుంపు. హోమో ప్రజాతిలో ఇవాళ మిగిలింది ఒక్క సేపియన్స్ జాతే. ‘మానవజాతులు’ అని బహువచనం రాస్తే పులి, సింహం మాదిరి వేరువేరు ప్రాణులని చెప్పినట్టే. పుర్రెలు చూసి మనుషులను అయిదు రకాలుగా విడదీసి, ఒక రకానికి కాకేసియన్ అని పేరు పెట్టిన పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త బ్లూమెన్‌బాక్ సైతం అంత మాట అనలేదు. అందరూ ఒకే జాతి అనీ, ఒక రకం మరో రకంలోకి తెలియకుండానే కలిసిపోతుందనీ ఆయనే రాశాడు. మన అనువాదం పద్దెనిమిదో శతాబ్దంకంటే వెనక్కి పోతే ఎలా?

— అయితే రిజ్లీ సంగతి? 1901 జనగణన నడిపిన పెద్దమనిషి. ముక్కు వెడల్పును పొడవుతో భాగించి నూటితో హెచ్చవేసి, ఆ అంకె పెరిగేకొద్దీ కులం అంతస్తు తగ్గుతుందన్నాడు. మద్రాసు మ్యూజియంలో థర్‌స్టన్ కూడా అలాగే తలలూ ముక్కులూ కొలిచాడు. అక్కడ ఏమని రాయాలి?

— అక్కడ జాతి అనే రాయండి. అది వాళ్ల నమ్మకం, దాన్ని మనం దిద్దకూడదు. జాతివివక్ష కూడా అలాగే ఉండాలి. జన్యువుల్లో జాతుల మధ్య గీతలు లేనంత మాత్రాన వివక్ష లేకుండా పోలేదు.

— మనుషుల్లో తేడాలే లేవంటారా? వైద్యులు ఒప్పుకోరు.

— తేడాలు బోలెడు. 1972లో జన్యుశాస్త్రవేత్త లెవొంటిన్ వేసిన లెక్కలో దాదాపు 85 శాతం వైవిధ్యం ఒక్కొక్క జనసమూహం లోపలే తేలింది. రేసుల మధ్య ఉన్నది సుమారు 6 శాతం. మన దగ్గరే చూడండి. ఆర్యవైశ్యుల్లో కొందరికి శస్త్రచికిత్సలో వాడే సక్సినైల్‌కోలిన్ అనే కండరాలను సడలించే మందు ఒంట్లో త్వరగా విరగదు, దాన్ని విరిచే ఎంజైము తక్కువ కావడం వల్ల. మత్తు డాక్టరుకు ఆ సంగతి ముందే తెలియాలి. ఇది ఏ ‘రేసు’ లక్షణమూ కాదు. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్నందువల్ల నిలిచిపోయిన జన్యుమార్పు. పక్కింటి వేరే కులం వారిలో ఇది అంతగా కనబడదు. ఇలాంటి చోట ‘జనసమూహం’ అంటే చాలు.

ఇక మీ వాక్యానికి నా సవరణ: ‘మనుషులను జాతులుగా విడగొట్టడానికి జీవశాస్త్రంలో ఆధారం లేదు.’ ఇలా రాస్తే తెలుగు జాతి జోలికి పోనక్కర్లేదు.