పద్నాలుగేళ్లప్పుడు ఇల్లు ఎవరి సంపాదనతో గడిచింది? ఈ ప్రశ్నకు మీరేం రాశారు?

మారతహళ్లి రాధ:
నాది బ్రిటన్ కంపెనీకి బెంగళూరులో ఉన్న ఆఫీసులో ఉద్యోగం. ఈ వారం ఉద్యోగుల కుటుంబ నేపథ్యం మీద సర్వే వచ్చింది. మనకు పద్నాలుగేళ్లున్నప్పుడు ఇంట్లో ఎక్కువ సంపాదించినవాళ్లు ఏం పని చేసేవారో అందులో అడిగారు. మా నాన్న బేల్దారి, అంటే తాపీ మేస్త్రీ. కదిరి నుంచి వచ్చి కేఆర్ పురం దగ్గర రేకుల షెడ్డులో ఉండేవాళ్లం. నా పదమూడో ఏట ఆయన మూడో అంతస్తు నుంచి పడి రెండేళ్లు మంచం మీదే ఉన్నారు. అమ్మ మూడిళ్లలో పాచిపని చేసేది, రాత్రిళ్లు జాకెట్లు కుట్టేది. నాన్న బేల్దారి అని రాయాలా, పని లేదని రాయాలా?

పెనుకొండ శీను:
అక్కా, అడిగింది నాన్న గురించి కాదు, ఎక్కువ సంపాదించినవాళ్ల గురించి. అమ్మ పనే రాయి.
ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. 1911 ఇంగ్లండ్ జనాభా లెక్కలప్పుడు స్టీవెన్‌సన్ అనే గణాంక అధికారి ఇళ్లను తండ్రి వృత్తిని బట్టి వర్గాలు చేసి, ఏ వర్గంలో పసిబిడ్డలు ఎక్కువ చనిపోతున్నారో లెక్క తీశాడు. పేదిళ్ల గోడు అంకెల్లోకి ఎక్కింది, అది చాలా పెద్ద పని. కానీ బిడ్డను కడుపులో మోస్తూ పనికెళ్లిన తల్లి ఏం చేసేదో ఆ వర్గాల్లో కనిపించదు. 2001 నుంచి అక్కడ వాడుతున్న పద్ధతిలో పని పేరొక్కటే చాలదు. జీతానికా, సొంతంగానా, చేతికింద మనుషులున్నారా అనీ చూస్తారు. ఇరవైమందిని పెట్టుకున్న మేస్త్రీ, రోజుకూలి మేస్త్రీ ఒకటి కారు కదా.

హిందూపురం వాణి:
2025లో కర్ణాటక వెనుకబడిన వర్గాల కమిషన్ సర్వేకి మా ఇంటికి ఒక టీచరమ్మ వచ్చారు. ప్రశ్నలు అరవై. 'కులకసుబు', అంటే కులవృత్తి, ఏమిటన్నారు. తాత మగ్గం నేశాడు, నాన్న ఆర్టీసీ కండక్టరు, నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మగ్గం అని చెప్పాను. మా ఇంట్లో మగ్గం గుంత పూడ్చేసి నేను పుట్టకముందే బండ పరిచారు. మమ్మల్ని చదివించింది కండక్టరు జీతం. కులకసుబు వేరు, పెంచిన పని వేరు. రెండూ అడగాలి.

మడివాళ రఘు:
2011 జనాభా లెక్కల్లో ఎవరి పని వాళ్లదే అడిగారు, ఏడాదిలో ఆరు నెలలు పని దొరికిందా లేదా అని. అమ్మానాన్నల ఉద్యోగం మనల్ని వెంటాడేది ఓబీసీ సర్టిఫికెట్ దగ్గర. 1993 నాటి కేంద్రం ఉత్తర్వు ప్రకారం తల్లిదండ్రుల్లో ఒకరు నేరుగా గ్రూప్ ఏ (పై స్థాయి అధికారుల) ఉద్యోగంలో చేరినా పిల్లలు క్రీమీ లేయరే, అంటే ఓబీసీ రిజర్వేషన్ రాదు. తండ్రి గ్రూప్ బీలో చేరి నలభై ఏళ్ల వయసులోపు గ్రూప్ ఏకి ఎక్కినా అంతే. పిల్లల సొంత జీతం మాత్రం అందులో చూడరు. మా నాన్న సర్వీసు రిజిస్టరులో ప్రమోషన్ తేదీ కోసం నేను నాలుగుసార్లు అనంతపురం తిరిగాను.

కోలారు రైతుబిడ్డ:
'వ్యవసాయం' అని రాసినా ఇదే గొడవ. మా నాన్న రెండెకరాలు కౌలుకు చేసేవాడు. ఆ భూమి ఆసామిదీ వ్యవసాయమే, మాదీ వ్యవసాయమే.

మారతహళ్లి రాధ:
శీనూ, నీ మాటే విన్నాను. రాత్రి అమ్మకు ఫోన్ చేస్తే, అప్పట్లో జాకెట్టుకు ఇరవై రూపాయలు తీసుకునేదాన్నని, హుక్కులూ కాజాలూ నువ్వే కుట్టేదానివని గుర్తు చేసింది. 'ఇళ్లల్లో పని, కుట్టుపని' అని రాశాను. పక్క నుంచి నాన్న, "నేను బేల్దారినని కూడా రాయమ్మా" అన్నారు. ఫారంలో ఒక్క గడే ఉంది. రెండో గడి పెట్టమని హెచ్ఆర్‌కు ఇప్పుడే మెయిల్ పంపాను.