శాలిబండ మెట్రో రోడ్డు వెడల్పులో షాపు పోతోంది: కిరాయిదారుకు ఏమైనా వస్తుందా?

ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా వేసే పాతబస్తీ మెట్రో దారిలోనే, శాలిబండలో మా నాన్న టైలరింగ్ షాపు ఉంది. సొంతం కాదు, కిరాయి. ఇరవై ఏళ్లు దాటింది. పిల్లర్ల కోసం రోడ్డు వెడల్పు చేస్తున్నారు కదా, మా బిల్డింగ్ ముందు భాగం మొత్తం పోతుంది. ఓనర్ కాగితాలు ఇచ్చేసి పరిహారానికి ఒప్పుకున్నారు. ఆయన్ని తప్పుపట్టను, గజాల లెక్కన వచ్చేది ఆయన హక్కు. మరి మా సంగతి?

2013 భూసేకరణ చట్టం చదివాను. సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడే పని చేస్తూ, దాని మీదే బతికే కిరాయిదారు కుటుంబాన్ని కూడా 'ప్రభావిత కుటుంబం' అంటోంది. చిన్న వ్యాపారులకు కనీసం 25,000 రూపాయల ఒకసారి సాయం అని రెండో షెడ్యూల్‌లో ఉంది. ఆఫీసులో అడిగితే మాత్రం "ఓనర్‌ని రమ్మనండి" అని పంపేశారు.

చిక్కేంటంటే మాకు కిరాయి అగ్రిమెంట్ లేదు, అంతా నోటిమాటే. కరెంటు మీటరు ఓనర్ పేరు మీదుంది. చేతిలో ఉన్నవి ట్రేడ్ లైసెన్స్ రశీదులు, పాత బిల్లు పుస్తకాలు. ఇవి సరిపోతాయా? దరఖాస్తు భూసేకరణ అధికారికి ఇవ్వాలా, కలెక్టర్‌కా? మెట్రో మొదటి దశలో అమీర్‌పేట, సుల్తాన్ బజార్ వైపు షాపులు పోయిన కిరాయిదారులు ఎవరైనా ఉంటే, మీకు నిజంగా ఏం దక్కిందో చెప్పండి. వకీలు ఖర్చు మాకు కష్టం, ఉచిత న్యాయ సహాయం దొరికే చోటు చెప్పినా చాలు.