సమస్యాపూరణం: పాతపడిన కొలది పడుచుదనము

పృచ్ఛకుడు (సమస్య ఇచ్చేవాడు), హనుమకొండ:
మొన్న శివరాత్రికి జాగారం పేరుతో మా ఇంట్లో మూడు తరాల వాళ్లం కూర్చుని దూరదర్శన్ 'రామాయణ్' మళ్లీ పెట్టుకున్నాం. తెల్లారేసరికి ఒకరు నిద్రపోయారు, ఒకరు కళ్లు తుడుచుకున్నారు, ఒకరు ఫోన్ చూసుకున్నారు. నిద్రపోయింది నేనే. ఈ వారం సమస్య అక్కడ పుట్టిందే.

పాతపడిన కొలది పడుచుదనము

దీన్ని ఒక పాదంగా ఉంచి మిగతా మూడు పాదాలూ మీరు పూరించాలి. ఆటవెలదిలో సరిపాదం. అయిదూ సూర్యగణాలే (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు). యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు, ఇక్కడ పా-ప. రెండో పాదంగా వాడుకున్నా సరే, నాలుగో పాదంగా వాడుకున్నా సరే. మీరు మళ్లీ చూసిన పాత టీవీ కార్యక్రమం మీదే రాయాలి. మెచ్చుకోవాలనేం లేదు. బమ్మెర మన పక్కనే ఉంది, పోతన్న చూసుకుంటాడులే అని యతి మాత్రం వదిలేయకండి.

మట్టెవాడ సారు:
బోణీ నాది.

ఊరి కొక్క టీవి యుండిన రోజుల
చాప పరచి చూచు జనము నడుమ
రాము డప్పు డెంత రమ్యమో నేడంతె
పాతపడిన కొలది పడుచుదనము

కాజీపేట జంక్షన్:
సారు, వరంగల్‌లో వాడకొకటి ఉండేది కదా, ఊరికొకటి అంటారేంటి?

మట్టెవాడ సారు:
మాది పరకాల వైపు పల్లె తమ్మీ. 1987 జనవరి 25న మొదలైంది, 1988 జూలై 31 దాకా ఆదివారం తొమ్మిదిన్నరకు ఊరంతా ఆ ఒక్క వాకిట్లోనే. కరెంటు పోతే ట్రాక్టర్ బ్యాటరీ విప్పుకొచ్చి పెట్టేవాళ్లు. ఒకడు మిద్దె మీద యాంటెన్నా తిప్పుతుంటే కిందినుంచి "ఇంకొంచెం, ఇంకొంచెం, చాలు చాలు, అయ్యో పోయింది" అని కేకలు. హిందీ వచ్చినాయన ఊళ్లో ఒక్కడే. ఆయన చెప్పిందే మాకు రామాయణం. 2020 మార్చి 28న లాక్‌డౌన్‌లో మళ్లీ వేసినప్పుడు తెలిసింది, ఆయన సగం సొంతంగా కల్పించి చెప్పాడని.

పృచ్ఛకుడు:
"చాప పరచి" దగ్గర పద్యం నిలబడింది. "నేడంతె" మాత్రం పాదం నింపడానికి పెట్టినట్టుంది. పద్యం కన్నా కింద మీరు రాసిన వచనం బాగుంది, ఏమీ అనుకోకండి. ఆ అనువాదకుడి మీద రెండో పూరణ బాకీ.

కాజీపేట జంక్షన్:
నాది 'అమృతం'.

ఇద్దరొక్క హోట లెట్లొ పెట్టిన కథ
ఇడ్లి చట్ని వోలె నింట గలిసె
నవ్వు కెన్నడైన నడివయ సొచ్చునా
పాతపడిన కొలది పడుచుదనము

పృచ్ఛకుడు:
హాయిగా ఉంది. ఒక్కటే దోషం. వయసు, వచ్చునా కలిసి "వయసొచ్చునా" కావడం నోట్లో మాట, పద్యానికి ఒప్పదు. "నడివయ సుండునా" అనండి. గణం మారదు, సంధి కుదురుతుంది.

కాజీపేట జంక్షన్:
మార్చుకున్నాను సారు. 2001లో జెమినిలో వచ్చినప్పుడు ఆదివారం రాత్రి అన్నం కంచాలతో టీవీ ముందే కూర్చునేవాళ్లం. ఈమధ్య వరసగా చూస్తుంటే ఒకటి గమనించాను. అమృతం వేషం శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ ముగ్గురూ వేశారు, అయినా ఎక్కడా అతుకు కనబడదు. ఎందుకంటే పక్కన ఆంజనేయులు మారలేదు. గుండు హనుమంతరావు గారు 2018లో పోయారని తెలిసి కూడా ఆయన తెర మీదికి రాగానే ముందే నవ్వొచ్చేస్తుంది.

కొత్తవాడ నేతగాడు:
అందరూ పొగుడుతున్నారు కాబట్టి నేను సమస్యను రెండో పాదంలోకి తోసేస్తున్నా.

బాణ మొకటి నింగి బాకుచు నుండగ
పాతపడిన కొలది పడుచుదనము
పోయె ననుచు నవ్వి పొరుగింటి మనుమడు
వేగ మెంచి చూచె వేలు నొక్కి

కాజీపేట జంక్షన్:
అన్నా, సూపర్!

మట్టెవాడ సారు:
రామబాణం "పాకడం" ఏంటయ్యా. కొంచెం మర్యాద.

కొత్తవాడ నేతగాడు:
సారు, మీరు గడియారం పెట్టుకుని చూడండి. ఇటునుంచి ఒకటి బయల్దేరుతుంది, అటునుంచి ఒకటి. రెండూ ఎదురుపడేలోపు మా ఇంట్లో చాయ్ మరిగి పొంగింది.

పృచ్ఛకుడు:
ఈ వారం నా లెక్కలో మొదటి మార్కు దీనికే. సమస్యలో ఉన్న మాటకు "పోయె" తగిలించి అర్థం తిరగేయడం పాత అవధానుల ఎత్తు, ఇక్కడ అతకలేదు, అల్లుకుంది. అయితే విషయంలో నాది వేరే మాట. మా మనవడు కూడా ఒకటిన్నర వేగంతోనే మొదలుపెట్టాడు. రావణుడిగా అరవింద్ త్రివేదీ నవ్వు వచ్చేసరికి వాడంతట వాడే మామూలు వేగానికి తెచ్చి, వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు. 'మహాభారత్'లో చక్రం తిరుగుతూ హరీశ్ భిమానీ గొంతు "మై సమయ్ హూఁ" అన్నప్పుడూ అంతే. ట్రిక్కులకు వయసొచ్చింది, గొంతులకు రాలేదు. బాణాలు చూసి పిల్లలు నవ్వుతారు, నవ్వుతూనే చూస్తారు. చూడలేకపోయేది వేరే ఉంది. అది ఎవరైనా రాస్తారేమోనని ఎదురుచూస్తున్నా.

రామప్ప గుడి మీద పూరించి పంపిన ఇద్దరికి: 1213 నాటి గుడికి పడుచుదనం లేదని నేననను. కానీ అది టీవీలో వారం వారం వచ్చేది కాదు.

వడ్డేపల్లి అత్తమ్మ:
మీరు ఎదురుచూసేది ఇదేనా చూడండి. సీరియల్ పేరు చెప్పను, అప్పట్లో అన్నీ అట్లనే ఉండేవి.

కోడ లేడ్చినపుడు గుక్కపట్టితి నాడు
కూతు రేమొ నేడు కోపపడియె
నోరు విప్పదేల నూరు తిట్టిన నంచు
పాతపడిన కొలది పడుచుదనము

పృచ్ఛకుడు:
అమ్మా, ఇదే. కో-గు, కూ-కో, నో-నూ, యతులన్నీ కుదిరాయి. కానీ మూడో పాదం దగ్గర వాక్యం అయిపోయింది. సమస్య దానితో కలవకుండా విడిగా వేలాడుతోంది. పడుచుదనం దేనికి? కథకా, కూతురికా? అన్వయం కావాలి.

కొత్తవాడ నేతగాడు:
అక్కా, "కూతురి కోపానికి వచ్చె" అన్నట్టు ఏదైనా పెట్టండి.

వడ్డేపల్లి అత్తమ్మ:
దాని కోపం దానిది, నేనెందుకు రాయాలి. నిన్న రాత్రి గిన్నెలు కడుగుతుంటే వేరేది తట్టింది. ఆ సీరియల్ వచ్చే రోజుల్లో నాకూ అదే అనిపించేది, ఈ పిల్ల ఒక్కమాట ఎదురు చెప్పదేమని. పక్కన మా అత్తగారు కూర్చుని చూస్తుండేది, అనలేదు. మూడో పాదం ఇట్ల మార్చిన:

నాడు మింగినట్టి నా ప్రశ్నకే వచ్చె
పాతపడిన కొలది పడుచుదనము

మట్టెవాడ సారు:
నా పద్యం వెనక్కి తీసుకోవచ్చా?

పృచ్ఛకుడు:
కుదరదు సారు, బాకీ కూడా ఉంది. అమ్మా, ఈ పాదం మీద నేను చెప్పేదేం లేదు. నా మొదటి మార్కు మార్చుకుంటున్నా. నేతగాడు అర్థం చేసుకుంటాడు.

కొత్తవాడ నేతగాడు:
చేసుకున్నా. చాయ్ పెట్టుకుంటా.

కొత్త సభ్యుడు, జనగామ:
మొదటిసారి రాస్తున్నాను. తప్పులుంటే చెప్పండి.

అమ్మ పక్కన కూర్చుని యపుడు చూచిన
నలుపు తెలుపు బొమ్మ కదలుచుండ
నేడు చూడ నామె నెమ్మోము కనిపించు
పాతపడిన కొలది పడుచుదనము

పృచ్ఛకుడు:
మొదటి పాదంలో అమ్మ, పక్క సరే. ఆ తర్వాత "నకూ" దగ్గర కాలు జారింది. లఘువు మీద గురువు వస్తే లగం, అది సూర్యగణం కాదు. "అమ్మ పక్క జేరి యప్పుడు చూచిన" అంటే గణాలూ యతీ రెండూ కుదురుతాయి. రెండో పాదంలో గణాలు బాగానే ఉన్నాయి, న-క యతి చెల్లదు. "కదలుచుండ" తీసి "నడచుచుండ" పెట్టండి. మూడో పాదం ముట్టుకోను. "నెమ్మోము" ఎక్కడిది?

కొత్త సభ్యుడు, జనగామ:
బడిలో పద్యాలు కంఠస్థం పట్టినప్పుడు అతుక్కున్న మాట సారు. అందమైన ముఖం అని గుర్తు. దిద్దిన పద్యం ఇదిగో:

అమ్మ పక్క జేరి యప్పుడు చూచిన
నలుపు తెలుపు బొమ్మ నడచుచుండ
నేడు చూడ నామె నెమ్మోము కనిపించు
పాతపడిన కొలది పడుచుదనము

కాజీపేట జంక్షన్:
ఏ సీరియల్ తమ్మీ?

కొత్త సభ్యుడు, జనగామ:
'రామాయణే' అన్నా. కథ సగం చూడలేదు. టీవీ వెలుతురు అమ్మ ముఖం మీద పడుతుంటే అటే చూసేవాణ్ణి. అప్పుడు అమ్మకు 29. నాకిప్పుడు 46.

పృచ్ఛకుడు:
పద్యం ఇలాగే ఉండనివ్వండి. వచ్చేవారం సమస్య కందంలో ఇస్తాను, ప్రాస చూసుకుని రండి.