వ్యాకరణ పరిశోధకులకు సొంత పత్రిక అవసరమా?

ప్రశ్న: ద్రావిడ భాషల వ్యాకరణంపై పనిచేస్తున్న మేము కొద్దిమందిమి కలిసి సొంత పరిశోధన పత్రిక పెట్టాలనుకుంటున్నాము. 2015లో ఎల్సెవియర్ ప్రచురణ సంస్థ వారి భాషాశాస్త్ర పత్రిక ‘లింగ్వా’ సంపాదకులు రాజీనామా చేసి ‘గ్లోసా’ అనే కొత్త పత్రికను స్థాపించారు కదా, అది మాబోటివారికి సాధ్యమేనా?

మొదటి జవాబు: వారికి పేరుప్రతిష్ఠలు, పాఠకులు, సమీక్షకులు అప్పటికే ఉన్నారండీ, మారింది పత్రిక పేరు, ప్రచురణకర్త మాత్రమే. మన దేశంలో ఐఎస్‌ఎస్‌ఎన్ (పత్రికల గుర్తింపు సంఖ్య) ఉచితంగానే వస్తుంది, పత్రికను నడిపే సాఫ్ట్‌వేర్ ఓపెన్ జర్నల్ సిస్టమ్స్‌కూ రుసుము లేదు, కానీ రెండో సంచిక నాటికి గడువులోగా సమీక్ష రాసిచ్చేవారు దొరకడమే అసలు కష్టం.

రెండో జవాబు: డబ్బు పెద్ద అడ్డంకి కాదనడానికి, 2000లో మొదలై నేటికీ రచయితల నుంచి రుసుము తీసుకోని ‘జర్నల్ ఆఫ్ మెషీన్ లెర్నింగ్ రీసెర్చ్’ సాక్ష్యం. అయితే పదోన్నతికి స్కోపస్ (ఎంపిక చేసిన పరిశోధన పత్రికల సూచీ)లోని పత్రికల్లో వ్యాసాలు అడిగే చోట, మీ యువ పరిశోధకులు తమ మంచి వ్యాసాన్ని కొత్త పత్రికకు ఇస్తారా అన్నది ముందు వారినే అడగండి.

ప్రశ్న అడిగినవారు: అలాగైతే ముందు ఉన్న పత్రికలోనే ఒక ప్రత్యేక సంచికకు సంపాదకత్వం వహించి, సమీక్షకులు ఎందరు నిలుస్తారో చూస్తాము.