బీట్‌రూట్ వాసన సెంటు: ఒంటికి పూసుకోదగ్గదేనా?

కపిలతీర్థం రోడ్డు (చర్చ మొదలుపెట్టింది)

మా తమ్ముడు విదేశం నుంచి వస్తూ 50 మి.లీ. సెంటు సీసా తెచ్చాడు. ఒక చిన్న కంపెనీ కొద్ది సీసాలే చేసి అమ్మే రకం. మన డబ్బుల్లో 8,500 రూపాయలు. దాని వాసన బీట్‌రూట్‌ది. కూర వాసన కాదు. మన్ను అంటుకుని ఉన్న పచ్చి దుంపని పట్టుకుంటే చేతికి వచ్చే వాసన. పూసుకోగానే తడి మట్టి, అరగంటకి కొంచెం తీపి, సాయంత్రానికి వట్టివేళ్ళ లాంటిదేదో చీరకొంగున మిగులుతుంది. నాకు చాలా నచ్చింది.

పోయిన వారం చిత్తూరులో పెద్దమ్మ మనవరాలి నిశ్చితార్థానికి పూసుకుని వెళ్ళాను. "శుభకార్యానికి వచ్చినప్పుడు మల్లెపూల వాసన రావాల గానీ ఈ మన్ను వాసన ఏందే?" అని పెద్దమ్మ అందరి ముందూ అడిగేసింది. ఇంటికొచ్చాక మా ఆయనదీ అదే మాట.

సెంటు అంటే పూల వాసనే అయి తీరాలా? మన్ను వాసన కూడా సువాసనే అని నా అభిప్రాయం. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

చిత్తూరు కోడలు

మీ పెద్దమ్మ మాటే నాదీ. వారానికి రెండుసార్లు బీట్‌రూట్ తరుగుతాను. మా పిల్లలు ముద్ద నోట్లో పెట్టుకోగానే "అమ్మా, మట్టి వాసన" అంటారు. అది పోవాలనే నిమ్మకాయ పిండుతాను, కొబ్బరి వేస్తాను. పోగొట్టుకోవాలని చూసే వాసనకి 8,500 పెట్టడం నాకు అర్థం కాలేదు. ఆ డబ్బుకి మల్లెపూలు ఎన్ని మూరలొస్తాయో లెక్క వేసుకోండి.

కెమిస్ట్రీ మేడం

నిమ్మకాయ పిండటం సరైన పనే అమ్మా. ఆ వాసనకి కారణమైన పదార్థం జియోస్మిన్. పులుపు తగిలితే అది విరిగిపోయి వాసన లేనిదిగా మారుతుంది. దానికి 1965లో గ్రీకు మాటలతో ఆ పేరు పెట్టారు, అర్థం కూడా మట్టి వాసనే. మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి. తొలకరి చినుకు పడగానే మనకి తగిలే వాసనలో ముఖ్యమైన భాగం ఇదే. బీట్‌రూట్‌కి మట్టి అంటుకోవడం వల్లే ఆ వాసన వస్తుందని చాలాకాలం అనుకున్నారు. సూక్ష్మజీవులు లేకుండా పెంచిన దుంపలో కూడా అది ఉందని 2003లో వచ్చిన పరిశోధనలో తేలింది. అంటే దుంప తనంతట తానే దాన్ని చేసుకుంటుంది.

మనిషి ముక్కు దీన్ని పట్టినంత సులువుగా పట్టే వాసనలు చాలా తక్కువ. లక్ష కోట్ల పాళ్ళ నీళ్ళలో నాలుగైదు పాళ్ళున్నా తెలిసిపోతుంది. అందుకే ఇలాంటి సెంట్లు చేసేవాళ్ళు జియోస్మిన్‌ని విపరీతంగా పలచన చేసి వాడతారు. కొంచెం ఎక్కువైతే బూజు పట్టిన గది వాసన. మల్లెపూలలో కూడా ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని విడిగా, చిక్కగా చూస్తే ముక్కు మూసుకుంటాం. పూవులో ఉన్న కొద్దిపాటి మోతాదులో అదే మత్తెక్కిస్తుంది.

గాంధీరోడ్డు అత్తరు

మాది నాన్న కాలం నుంచి అత్తర్ల వ్యాపారం. మన్ను వాసన మనకి కొత్త కాదక్కా. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో మట్టి అత్తరు తరతరాలుగా చేస్తున్నారు. కాల్చిన మట్టిని డేగు అనే పెద్ద రాగి పాత్రలో నీళ్ళతో కలిపి కాస్తారు. ఆవిరి వెదురు గొట్టం గుండా పోయి, చందన తైలం ఉన్న భప్కా అనే ఇంకో పాత్రలో చల్లబడుతుంది. వాసనని ఆ తైలం పట్టుకుంటుంది. ఎండాకాలంలో దాన్ని అడిగి కొనేవాళ్ళు మా అంగడికి ఇప్పటికీ వస్తారు.

నా అభ్యంతరం వాసన మీద కాదు. బీట్‌రూట్ నుంచి సెంటుకి పనికొచ్చేంత తైలం రాదు. ల్యాబ్‌లో చేసిన జియోస్మిన్, వట్టివేరు తైలం, పచౌలీ ఆకు తైలం, క్యారెట్ గింజల తైలం, ఇలాంటివి కలిపి దుంప వాసన కట్టుకొస్తారు. పేరు మాత్రం బీట్‌రూట్. మట్టి అత్తరులో మట్టి ఉంటుంది. ఇందులో దుంప ఎక్కడుంది? చందన తైలానికి బదులు పారాఫిన్ అనే చవక నూనె పోసి మట్టి అత్తరు అని అమ్మేవాళ్ళ మీద కూడా నాకు ఇదే కోపం.

కపిలతీర్థం రోడ్డు

అన్నా, మీ మాటలో న్యాయముంది. అట్ట మీద ఆ సంగతి రాసి ఉండాల్సింది. కానీ ల్యాబ్‌లో చేసిందన్నంత మాత్రాన తక్కువదని ఒప్పుకోను. మనం తినే వెనీలా ఐస్‌క్రీముల్లో ఎక్కువ భాగం వెనీలా కాయ ముఖం చూడనివే.

పెద్దమ్మకి నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాట ఇంకొకటి ఉంది. పునుగుపిల్లి నుంచి వచ్చే పునుగు పచ్చిగా ఉన్నప్పుడు వాసన చూస్తే తల పక్కకి తిప్పుకుంటాం. ఆ పునుగు తైలాన్నే తిరుమలలో శుక్రవారం అభిషేకమయ్యాక స్వామివారికి పూస్తారు. ఎండలో మన ఊళ్ళో తాగే నన్నారి షర్బత్ ఒక వేరు వాసనే కదా. వేరునీ దుంపనీ మనం ఎప్పుడు అసహ్యించుకున్నాం? వంటింటి కూర అనేసరికే చిన్నచూపు వచ్చేసింది.

అలిపిరి మెట్లు

ఒక్క మాట. కొండకి మాత్రం పూసుకుని వెళ్ళకండి. అక్కడ పూలన్నీ స్వామివే అని మన ఆడవాళ్ళు తలలో పూలే పెట్టుకోరు. సెంటు ఏదైనా నాది ఇదే మాట.

చిత్తూరు కోడలు

కూరగాయని చిన్నచూపు చూసి అనలేదండీ. పొద్దున్నుంచి ఆ వాసనలోనే ఉండి, చేతుల ఎరుపు పోయేదాకా రుద్దుకుని, పేరంటానికి బయల్దేరేటప్పుడైనా వేరే వాసన కావాలనిపిస్తుంది. మల్లెపూలు మాకు ఆ కాస్త తీరిక. మీ పెద్దమ్మ కూడా ఆ వయసు దాకా పొయ్యి దగ్గరే ఉండి ఉంటారు.

పలమనేరు రైతుబిడ్డ

చిత్తూరు కోడలు గారు చెప్పింది మా ఇంట్లో కూడా నిజం. ఎకరా బీట్‌రూట్ వేసినాను. పీకేటప్పుడు మా అమ్మ చీరకి పట్టే వాసన రెండు ఉతుకులకి గానీ పోదు. రెండేళ్ళ కింద ధర పడిపోయి, కోత కూలి కూడా రాదని తెలిసి, దుంపలు భూమిలో ఉండంగానే ట్రాక్టర్ పెట్టి దున్నించేసినాను. ఆ రోజు లేచిన వాసన ఇప్పటికీ మర్చిపోలేను. అందుకే ఆ వాసనకి 8,500 అని చదవగానే కాసేపు ఫోన్ పక్కన పెట్టేసినాను.

కానీ అక్కా, మీరు తప్పు చేశారని అనను. నాకు కూడా ఆ వాసన ఇష్టమే. తెల్లారి పొలంలో అడుగు పెడితే ముందు తగిలేది అదే. ఒక్క సందేహం. ఎర్రనేలలో తొలకరి వాసన వేరు, దుంప పీకినప్పటి వాసన వేరు. దుంపలో తీపి ఉంటుంది, ఆకు పసరు ఉంటుంది. మీ సీసాలో ఉండేది దేనిది?

కపిలతీర్థం రోడ్డు

తమ్ముడూ, మీరు రాసింది మా ఆయనకి కూడా చదివి వినిపించాను. పసరు వాసన ఇందులో లేదు. తీపి ఉంది. ఇంతకంటే కచ్చితంగా చెప్పలేకపోతున్నాను, పీకిన దుంపని పొలంలో నేనెప్పుడూ చూడలేదు.

పలమనేరు రైతుబిడ్డ

ఇంకో ఇరవై రోజుల్లో మళ్ళీ పీకుతాం. తిరుపతి నుంచి బస్సులుంటాయి కదా, పొద్దున్నే బయల్దేరి రండి. సీసా తెచ్చుకోండి. పక్కపక్కన పెట్టి చూద్దాం. మా అమ్మని కూడా అడుగుదాం.

కపిలతీర్థం రోడ్డు

వస్తాను. పెద్దమ్మని కూడా తీసుకొస్తాను.