కుక్క మీద ప్రేమ పాతదా, ఈమధ్య పుట్టిందా?

చంద్రం:
మనిషికీ కుక్కకీ మధ్య వేల ఏళ్ల నాటి ప్రేమ ఉందనే మాట ఎక్కడ చూసినా వినిపిస్తోంది. నాకు నమ్మబుద్ధి కావడం లేదు. కుక్క వేటకి పనికొచ్చింది, రాత్రిళ్లు మొరిగి కాపలా కాసింది, చలికి పక్కన పడుకుంటే వెచ్చగా ఉంది. దీనికి ప్రేమ అని పేరు పెట్టింది తర్వాతి వాళ్లు. పాత జనావాసాల తవ్వకాల్లో కత్తి గాట్లున్న కుక్క ఎముకలు చాలా చోట్ల దొరికాయి. అంటే కోసుకుని తిన్నారు, తోలు ఒలుచుకున్నారు. ఇంగ్లండ్‌లో కుక్కల జాతులు నమోదు చేసే కెన్నెల్ క్లబ్ పుట్టింది 1873లో. లండన్ హైడ్ పార్క్‌లో పెంపుడు కుక్కల్ని పాతిపెట్టడం మొదలైంది 1881లో. కుక్కని ఇంటి మనిషిలా చూసుకోవడం దాదాపు అక్కడి నుంచే అని నా వాదన. కాదనేవాళ్లు ఆధారాలు చూపించండి.

మాధవి:
చంద్రం గారూ, ఒక్క కుక్కపిల్ల గురించి చెప్తాను. 1914లో జర్మనీలో, బాన్ దగ్గరున్న ఒబర్‌కాసెల్‌లో, రాళ్లు కొట్టే కూలీలకి ఒక పాత సమాధి బయటపడింది. సుమారు 14,000 ఏళ్ల నాటిది. అందులో ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, వాళ్లతోపాటు ఆరు నెలలు దాటిన కుక్కపిల్ల. మొదట తోడేలు ఎముకలనుకున్నారు. కుక్కదని తేలడానికి 1970ల చివరిదాకా పట్టింది.

అసలు సంగతి 2018లో వచ్చింది. దాని పళ్లని మళ్లీ పరీక్షించారు. పాలపళ్లు పోయి కొత్త పళ్లు తయారయ్యే నెలల్లో పెద్ద జబ్బు చేస్తే పంటి మీది ఎనామిల్ సరిగా పేరుకోదు, అడ్డంగా చారలు, గుంటలు పడిపోతాయి. ఈ పిల్ల పళ్ల మీద అవే ఉన్నాయి. నాలుగు నెలల వయసు ప్రాంతంలో డిస్టెంపర్ అనే, కుక్కలకి వచ్చే వైరస్ జబ్బు వచ్చి ఉంటుందని, ఒకసారి కాదు, తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ తిరగబెట్టిందని ఆ పరిశోధకులు తేల్చారు. మనుషులు దగ్గరుండి చూసుకోకపోతే అన్ని వారాలు బతికేది కాదన్నారు.

డిస్టెంపర్ అంటే ఏమిటో నాకు తెలుసు. మూడేళ్ల కిందట మా కుక్కపిల్లకి వచ్చింది. పొద్దున్న లేచేసరికి పుసులు కట్టి కళ్లు అంటుకుపోయేవి. గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి కాసేపు అలాగే ఆనిస్తే గానీ రెప్ప విడేది కాదు. తనంతట తాను నీళ్లు తాగలేదు. సిరంజితో బుగ్గ పక్క నుంచి చుక్క చుక్కగా పోయాలి, తొందరపడితే పొలమారుతుంది. రాత్రికి నాలుగైదు సార్లు కింద గుడ్డ మార్చాలి. ఫిట్స్ వచ్చినప్పుడు తల నేలకి కొట్టుకోకుండా పక్కన మెత్తటి గుడ్డలు దోపి కూర్చునేదాన్ని. అది వేటకి రాదు, కాపలా కాయదు, లేచి నిలబడనే లేదు. మీరు చెప్పిన అవసరం అందులో ఏముంది?

చంద్రం:
మాధవి గారూ, మీ పిల్ల గురించి చదివి బాధగా అనిపించింది. బాన్ సమాధి సంగతి కూడా ఒప్పుకుంటాను. కానీ ఎవరో ఒకరు ఒక పిల్లని చూసుకుంటే అది అప్పటి మనుషులందరి స్వభావం అయిపోదు. పైగా సమాధుల్ని చూసి మురిసిపోవడానికి ముందు ఇంకొకటి ఆలోచించాలి. ఇజ్రాయెల్‌లోని ఐన్ మల్లాహాలో సుమారు 12,000 ఏళ్ల నాటి సమాధి ఉంది. చనిపోయిన మనిషి చెయ్యి ఒక కుక్కపిల్ల మీద ఆనించి ఉంటుంది. ఆ ఫొటో చూసి అందరూ కరిగిపోతారు. నాకు మాత్రం ఒకటే ప్రశ్న. కొన్ని నెలల పిల్ల సరిగ్గా ఆ మనిషి పోయిన రోజే తనంతట తాను చచ్చిపోయిందా? తోడుగా పంపడానికి చంపేసి ఉండొచ్చు కదా?

రఘు:
సైన్స్ వైపు నుంచి రెండు మాటలు. 2015లో జపాన్ శాస్త్రవేత్తలు కుక్కలూ, వాటి యజమానులూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నాక రెండువైపులా ఆక్సిటోసిన్ ఎంత ఉందో కొలిచారు. తల్లీబిడ్డల మధ్య పనిచేసే హార్మోనే ఇది. ఎక్కువసేపు చూసుకున్న జంటల్లో ఇద్దరికీ పెరిగింది. మనుషులు చేత్తో పెంచిన తోడేళ్లలో ఇలా కనిపించలేదు. 2019లో ఇంకొకటి తెలిసింది. కనుబొమ్మ లోపలి అంచుని పైకి లేపే కండరం కుక్కల్లో బాగా ఎదిగి ఉంది, తోడేళ్లలో సన్నటి పోగులుగానే ఉంది. మనల్ని జాలిగా చూస్తుందే, ఆ చూపు దానివల్లే. తరతరాలుగా మనుషులు ఏ ముఖాన్ని దగ్గరకి తీసుకున్నారో అందులో కనబడుతోంది. ఇది ఎప్పుడు మొదలైందన్నది మాత్రం ఈ రెండూ చెప్పవు. ఆ విషయంలో చంద్రం గారి అనుమానం సరైనదే.

లలిత:
1881 అన్నారు కాబట్టి ఒక్క రాయి చూపిస్తాను. రోమన్ల కాలం నాటిది, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మార్గరీటా అనే కుక్క సమాధి రాయి. ఆ పేరుకి అర్థం ముత్యం. రాసిందంతా ఆ కుక్కే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. గాల్ దేశంలో, అంటే ఇప్పటి ఫ్రాన్స్ వైపు పుట్టానని, అడవుల్లో వేటకి పరిగెత్తానని, గొలుసు బరువు ఎరగనని, దెబ్బలు తినలేదని చెప్తుంది. యజమాని ఒళ్లో, యజమానురాలి ఒళ్లో పడుకునేదాన్ననీ, అలిసిపోతే పరిచిన పక్క మీద ఎక్కి పడుకోవడం తెలుసనీ అంటుంది. చివరికి పిల్లల్ని ఈనుతూ చనిపోయింది. వేటకుక్కకి పక్క ఎందుకు పరిచారండీ?

చంద్రం:
డబ్బున్నవాళ్ల ఇల్లు అది. సరే, 1881 అన్నది నా తొందరపాటు, ఆ తేదీ వదిలేస్తాను. చంపి తిన్నవాళ్ల సంగతి ఏమంటారు?

రఘు:
ప్రేమ ఉంటే చంపరు అన్న లెక్క మీదే మీ వాదన అంతా నడుస్తోంది. ఆ లెక్కే తప్పని నా ఉద్దేశం. 1957లో సోవియట్ శాస్త్రవేత్తలు లైకా అనే కుక్కని అంతరిక్షంలోకి పంపారు. తిరిగి తీసుకొచ్చే ఏర్పాటే లేదు, ఆ సంగతి పంపినవాళ్లకి తెలుసు. ప్రయోగానికి ముందు ఆ శాస్త్రవేత్తల్లో ఒకడైన వ్లాదిమిర్ యాజ్‌దోవ్‌స్కీ దాన్ని తన ఇంటికి తీసుకెళ్లి పిల్లలతో ఆడుకోనిచ్చాడు. దానికి ఏదైనా మంచి చేయాలనిపించిందని తర్వాత ఆయనే రాసుకున్నాడు. ఆ ముచ్చటా నిజమే, దాన్ని చావుకి పంపడమూ నిజమే, మనిషి ఒక్కడే. ఐన్ మల్లాహాలో పిల్లని చంపే పెట్టారనుకుందాం. ఆ చెయ్యి దాని మీద ఆనించాలని ఎవరికో అనిపించింది కదా.

మాధవి:
చంద్రం గారూ, మీరు "ఎవరో ఒకరు" అన్నారు, అది నాకు గుచ్చుకుంది. మా పిల్లని నేనొక్కదాన్నే చూసుకోలేకపోయాను. నేను కునికితే అమ్మ లేచి కూర్చునేది. బాన్ మనుషులు వేట మీద బతికేవాళ్లు, ఒకచోట స్థిరంగా ఉండేవాళ్లు కాదు. నడవలేని పిల్లని ఎవరో ఎత్తుకుని ఉండాలి. వాళ్లు మోయాల్సిన మూట ఇంకెవరో మోసి ఉండాలి.

చంద్రం:
ఆ మూట మోసినవాళ్ల గురించి నేను ఆలోచించలేదు. కత్తి గాట్ల మాట మాత్రం వెనక్కి తీసుకోను.